నోంగ్ తెరోయ్ పనసకొయ్య ప్రశ్న

మేమంతా పెద్దన్నగా భావించి నోంగ్ అని పిలుచుకునే తెరోయ్‌కి ఒక్కటే పిచ్చి. ఎవరి ఈమెయిల్ అడ్రసూ వెబ్‌సైట్లో బయటికి కనబడనివ్వడు. మా ఊరు లాపులాపులో సగం కొట్లకి వెబ్‌సైట్లు చేసింది మాత్రం ఆయనే.

"అడ్రసులు ఏరుకుపోయే దొంగ ప్రోగ్రాములు తిరుగుతుంటాయి ఇందాయ్! ఒక్కసారి చిక్కామా, చచ్చేదాకా చెత్త ఉత్తరాలే!" అంటూ బట్టతల తడుముకుంటాడు. ఇందాయ్ అంటే మా భాషలో అమ్మాయీ అని.

ఎండుచేపల కొట్టు అడ్రసు కావాలంటే లెక్క చెయ్యాలి. పళ్ల డాక్టరుగారిదైతే మసక బొమ్మలో వెతుక్కోవాలి. పంటినొప్పితో వెళ్లినవాళ్లు ముందు కళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తేవారు.

మాది గిటార్ల పని. నాన్న చేస్తాడు, నేను అమ్ముతాను. మా అడ్రసు కనబడాలంటే గిటారు వెనకపలక ఏ కొయ్యో చెప్పాలి.

"పనసకొయ్యని ఎవరికి తెలీదు?" అన్నాడు నోంగ్.

"మన వీధి దాటితే ఎవరికీ తెలీదు!"

"వీధి దాటినవాళ్లకి గిటారెందుకు?"

నెలరోజులుగా ఒక్క ఆర్డరూ లేదు. ఇలాగే ఉంటే కొట్టు మూసెయ్యాల్సిందే. ఆ ప్రశ్న పీకించేద్దామని మండిపడుతూ ఆయనింటికి వెళ్లాను. కంటి ఆపరేషనయి, ఒక కంటికి కట్టుతో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెరనిండా లాటరీల, బట్టతల మందుల చెత్త ఉత్తరాలు.

"నీ అడ్రసు దొంగలకెలా చిక్కింది నోంగ్?"

ఇంకో పేజీ తెరిచి, మూతి ముందుకు చాచి దానికేసి చూపించాడు. మా వెబ్‌సైటే. పనస అనకుండా తప్పు జవాబు కొడితే, కింద "తెలియకపోతే నాకు రాయండి" అని ఆయన సొంత అడ్రసు, ఏ ముసుగూ లేకుండా! మాకు జవాబు తెలుసు కాబట్టి, తప్పు కొట్టి ఎన్నడూ చూడలేదు. ఇన్నాళ్లూ మాకొచ్చిన ఆర్డర్లన్నీ ఆయన చెత్తలోంచి ఏరి పంపినవే. ఈ నెల కన్ను మూతబడి అన్నీ కుప్పపడ్డాయి.

"ఎందుకిదంతా?"

"నిరుడు ఎవరో మంత్రిగారి భార్య ఏడుస్తూ రాస్తే, మీ నాన్న మూడు పేజీల ఓదార్పు రాసి, అనాథపిల్లలకని నాలుగు గిటార్లు పంపలేదూ? అంతా మోసమని తెలిశాక నెల్లాళ్లు ఉలి ముట్టలేదు. ఆయన మళ్లీ అలా కూర్చుంటే నేను చూడలేను ఇందాయ్. అందుకే అన్నీ ముందు నాకే వచ్చేలా పెట్టా. ఆయన దాకా మంచి ఉత్తరాలే వెళ్లాలి. ఇదిగో, ఒకటి దొరికింది! సంగీతం బడివాళ్లు, పన్నెండు గిటార్లు!"

నా కోపం ఎటు పోయిందో! కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, చెత్తంతా చెరపడం మొదలెట్టాను.

"ఆగాగు!" నోంగ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ బట్టతల మందు ఉంచు. ఇంకా చదవలేదు."