అందరికీ ఒక్కడే శిష్యుడు

ఆ రోజుల్లో మనిషి ఆత్మీయంగా ఎదిగాడా లేదా అన్న సంగతి దేవుడికీ, ఆ మనిషి పెళ్ళానికీ తప్ప మూడోవాళ్ళకి అక్కర్లేదు. ఆదివారం మందిరానికి వచ్చాడు, పాట పాడాడు, ప్రసంగంలో కాస్త కునుకు తీశాడు, ఇంటికెళ్ళి మాంసం కూర తిన్నాడు. మిగతాది ఆ ఇద్దరూ చూసుకునేవారు. ఇప్పుడలా కుదరదు. మొన్న మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక గ్రాఫు పెట్టారు. ఈ నెల ఎవరి విశ్వాసం ఎంత పెరిగిందో రంగురంగుల గీతలు. నా గీత చివర్లో కిందికి వంగింది. (పొద్దున్నే వచ్చే వాగ్దాన వాక్యం కింద దణ్ణం బొమ్మ పెట్టడం నేను తరచు మరిచిపోతాను. నా విశ్వాసం ఆ మేరకు తగ్గిందన్నమాట.) "ఇవేం పిచ్చి లెక్కలు!" అని మా ఆవిడకి చూపించి నవ్వబోయాను. ఆవిడ ఫోను వంక కూడా చూడలేదు. "మీరు మాత్రం నవ్వకండి. మన సంఘానికి ఈ జబ్బు మొదట అంటించిందెవరు?" అంది. ఫోను జేబులో పెట్టేశాను. ఇరవై ఏళ్ళ కిందటి కుర్చీల గొడవ గుర్తుకొచ్చింది.

అప్పట్లో నేను ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ మీద ఉండేవాణ్ణి. ఇంటర్‌లో లెక్కలు తప్పాను. లెక్కలు తప్పినవాడికి లెక్కల మీద ఉండే మక్కువ పాసైనవాడికి ఉండదు. పాసైనవాడు వాటిని అక్కడే వదిలేస్తాడు, తప్పినవాడు జన్మంతా పగ తీర్చుకుంటూనే ఉంటాడు. డిస్కౌంట్లు వేస్తూ శాతాలు నేర్చుకున్నాను, బేరింగుల పెట్టెలు పేరుస్తూ వర్గాలూ ఘనాలూ నేర్చుకున్నాను. కాలిక్యులేటర్ తీసేవాణ్ణి చూస్తే నాకు జాలి. ఇలాంటివాడికి మందిరంలో ఏ పని అప్పగిస్తారు? ఆదివారం తలలు లెక్కపెట్టి అయ్యగారికి చెప్పే పని. (మా వైపు పాస్టరుగారిని అయ్యగారు అంటాం, ఆయన భార్యని అమ్మగారు అంటాం.) కృష్ణలంకలో కరకట్ట పక్కన రేకుల షెడ్డు మా మందిరం. తలలు ఎప్పుడు లెక్కపెట్టినా నూటపది దగ్గరే తిరుగుతుండేవి. అందరం చాపల మీదే కూర్చునేవాళ్ళం, మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళ కోసం ముందు నాలుగు కుర్చీలుండేవి.

ఆ ఏడాది మా సంఘంలోకి కొత్తగా వచ్చిన మనిషి ఒక్కడే, గేర్‌బాక్స్ మావయ్య. మా అమ్మ వైపు దూరపు చుట్టం, మా వీధే. ఆటోనగర్‌లో లారీల గేర్‌బాక్సులు విప్పి బిగించే షెడ్డు ఆయనది. సాయంత్రం షెడ్డు మూశాక ఆయన మోపెడ్ దారిలో బ్రాందీ షాపు ముందు దానంతటదే ఆగేది. కొత్త సంవత్సరం ఆరాధనలో మోకాళ్ళూని, "ఇక ముట్టను ప్రభువా" అని అందరి ముందూ భోరున ఏడ్చాడు. సంఘమంతా ఏడ్చింది. అత్తయ్య మాత్రం ఏడవలేదు. ఇంటికెళ్ళి సూట్‌కేసు సర్ది తలుపు వెనక పెట్టింది. "ఏడుపులు నేను చాలా చూశాను. ఇంకొక్కసారి తాగొస్తే హనుమాన్ జంక్షన్ బస్సెక్కుతా. మా అన్నయ్యకి చెప్పే ఉంచా" అంది. అంటే మావయ్య కాపురం ఆ తలుపు వెనక నిలబడి ఉందన్నమాట. ఆయన్ని పడిపోకుండా చూసుకోవడం ఒక్కటే ఆ ఏడాది మా సంఘానికి నిజంగా ఉన్న పని. మేం దాన్ని ఎంత గొప్పగా చేశామో చెబుతాను.

హైదరాబాదు నుంచి ఒక బ్రదర్ శిష్యత్వ శిక్షణ ఇస్తానని వచ్చాడు. ప్రొజెక్టర్ తెచ్చాడు కాబట్టి మాకు ఆయన ప్రొజెక్టర్ బ్రదర్. (వచ్చిన రోజు కరెంటు పోయింది. ఆ ప్రొజెక్టర్ వెలగగా చూసినవాడు మా సంఘంలో లేడు.) న్యాయంగా చెప్పాలంటే ఆయన మాటల్లో తప్పేమీ లేదు. ఆదివారం గుంపులో కూర్చుంటే మనిషి ఎదగడు, పక్కన ఒక మనిషి తోడు నడవాలి అన్నాడు. "ఒక్కొక్కరూ ఇద్దర్ని తీసుకోండి. మూడు నెలలు వాళ్ళతో నడవండి. తర్వాత ఆ ఇద్దరూ చెరో ఇద్దర్ని తీసుకుంటారు." తోడు నడవడం గురించి ఆయన గంటసేపు చెప్పాడు. నేను ఆ గంటా గుణకారం వేసుకుంటూ కూర్చుని, ఆఖర్న లేచి నిలబడ్డాను.

"బ్రదర్, ఇది ఇరవై మెట్లకి పది లక్షలు దాటుతుందండీ! మూడు నెలలకో మెట్టు చొప్పున ఐదేళ్ళు. విజయవాడ మొత్తం అయిపోతుంది!"

"ఏరా అబ్బాయ్, సరిగ్గానే వేశావా?" అన్నారు అయ్యగారు.

"రెండుని ఇరవైసార్లు హెచ్చవేసి చూసుకోండి అయ్యగారూ."

పాపం ఆయన వేళ్ళ మీద కొంతదూరం వెళ్ళి, దారి తప్పి, "హల్లెలూయ" అన్నారు. షెడ్డు రేకులు అదిరేలా అందరూ హల్లెలూయ అన్నారు. ఆ క్షణాన ఊరు ఊరంతా మా శిష్యులైపోయారు; ఊరికి మాత్రం ఆ కబురు అందలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మగారు, "పది లక్షల మందికి ప్రేమవిందు వండేదెవరు నాయనా? ఉన్నవాళ్ళకే గిన్నెలు చాలట్లేదు" అన్నారు. (మా సంఘంలో కాస్త ఆలోచించి మాట్లాడే మనిషి ఆవిడే. అందుకే ఆవిణ్ణి ఏ కమిటీలోనూ వెయ్యలేదు.)

అంతటితో ఆగినా బావుండేది. సంఘ పెద్దలు కూర్చుని దానికో మర్యాద కలిపారు. ఇద్దరు శిష్యులున్నవాళ్ళని నాయకులు అనాలట. జేబుకి బ్యాడ్జి. ఆదివారం చాప మీద కాదు, కుర్చీలో కూర్చోవాలి. అదిగో, ఆ కుర్చీ దగ్గర మా సంఘం కొంప మునిగింది. అప్పటిదాకా వాక్యమంటే ఆవలించినవాళ్ళందరికీ ఒక్కసారిగా శిష్యుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. బస్తీలోంచి కొత్తవాళ్ళు ఎవరూ రాలేదు. ఉన్న నూటపది మందే ఒకరినొకరు పట్టుకోవడం మొదలుపెట్టారు. రెండో మెట్టు నడుస్తుండగా నా లెక్కలో ఉన్న తిరకాసు నాకు తెలిసింది: ఇద్దరేసి చొప్పున పెరిగే ఏ వరసలోనైనా, ఎక్కడ ఆపినా, సగానికి పైగా జనం ఆఖరి మెట్టు మీదే ఉంటారు. వాళ్ళ కింద ఎవరూ ఉండరు. అయ్యగారికి చెప్పాను. "ఇప్పుడు చెబితే ఎలారా? కుర్చీలకి చెప్పేశాం" అన్నారు.

ఆఖరి మెట్టు మీదివాళ్ళు ఊరుకుంటారా? పై మెట్ల మీద పడ్డారు. కానుకల పెట్టె చూసే పెద్దాయన తన కొడుకుని శిష్యుడిగా తీసుకున్నాడు. ఆ కొడుకు తన భార్యని తీసుకున్నాడు. ఆ అమ్మాయికి ఎవరూ మిగలక, తిరిగి మామగారినే తీసుకుంది. వారం తిరక్కుండా పెద్దాయన అయ్యగారి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యగారూ, నా శిష్యుడి శిష్యురాలు నాకు శిక్ష వేస్తోందండీ. నిన్న పప్పులో ఉప్పు లేదని కంచం తోశాను. 'మావయ్యగారూ, మీకు కోపం పాఠం ఒంటబట్టలేదు, మళ్ళీ మొదటి నుంచి చదవండి' అంటోంది."

"నీ శిష్యుడితో చెప్పించవయ్యా."

"వాడు దాని మాటే వింటాడండీ!"

ఇక గేర్‌బాక్స్ మావయ్య. ఆయన ఎవరికీ నాయకుడు కాడు, ఎవర్నీ పట్టుకోలేదు. "నువ్వూ ఇద్దర్ని పట్టుకో మావయ్యా, కుర్చీ వస్తుంది" అంటే, "నాకే రాదు, నేనెవడికి చెప్పనురా" అనేవాడు. కాబట్టి శిష్యులు దొరకని ప్రతివాడూ ఆయన పేరు రాసేసుకున్నాడు. మా సంఘంలో శిష్యుడిగా ఉండడానికి ఒప్పుకున్న మనిషి ఆయన ఒక్కడే మరి. బ్యాడ్జీలు పెట్టుకుని నాయకులు తిన్నగా షెడ్డుకే వెళ్ళేవారు. ఒకసారి నేను పార్టులు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను. మావయ్య లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. టక్ చేసుకున్న నాయకుడొకడు గొంతుక్కూర్చుని టైర్ల మధ్యలోంచి అడుగుతున్నాడు. (శోధన అంటే మా మందిరం భాషలో పాపం వైపు లాగే ఆశ.)

"వందనాలన్నా. ఈ వారం ఏ శోధనలో ఉన్నావు?"

"ఈ బోల్టు రావట్లేదు బ్రదర్. ఇదే శోధన."

"అది కాదన్నా, లోపలి శోధన."

"లోపలే బ్రదర్. చెయ్యి దూరట్లా."

నవ్వాను కానీ, సాయంత్రం మావయ్య నవ్వలేదు. "అల్లుడూ, నేను మర్చిపోదామనుకుంటున్నా, వీళ్ళు మర్చిపోనివ్వట్లేదురా. రోజూ ఎవడో ఒకడొచ్చి 'మందు గుర్తొస్తోందా అన్నా' అంటాడు. అంతదాకా రాదు. వాడు అడిగాక వస్తది" అన్నాడు. ఇంట్లో అయితే అత్తయ్య టీలు పెట్టలేక చేతులెత్తేసింది. సూట్‌కేసు తలుపు వెనక నుంచి ముందు గదిలోకి వచ్చింది. "ఇంతమంది నాయకులొస్తుంటే ఈయన తాగకుండా ఉంటాడా? నేనైనా తాగుతా" అంది.

నేను మావయ్యని శిష్యుడిగా రాసుకోలేదు. ఆత్మీయ కారణమేమీ కాదు, నా ఇద్దరూ నాకు ముందే దొరికారు. కాకపోతే సిటీ బస్సులో వేలాడడం ఇష్టంలేక రోజూ సాయంత్రం ఆయన మోపెడ్ వెనక ఎక్కేవాణ్ణి. ఊరికే ఎలా కూర్చోను? కొత్త లెక్క చెప్పేవాణ్ణి. "మావయ్యా, ఇద్దరు కాకుండా ముగ్గురేసి అనుకో. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు... పన్నెండో మెట్టుకే ఐదు లక్షలు దాటుతుంది!" మావయ్య రోడ్డు వంకే చూస్తూ నడిపేవాడు. ఇద్దర్ని మోస్తూ మూలిగే ఆ మోపెడ్ మాత్రం నా లెక్క మొదలవగానే వేగం పెంచేది. అది ఆయనలో కలిగిన ఆత్మీయ ఆసక్తి అని నేను చాలా సంతోషించాను.

మూడో మెట్టు ముగిశాక ప్రొజెక్టర్ బ్రదర్ మళ్ళీ వచ్చాడు, ఫలితాలు చూడ్డానికి. ఆ ఆదివారం టెంట్ హౌస్ నుంచి వ్యానులో కుర్చీలు దిగాయి. చాపలు చుట్టేశారు. మందిరమంతా నాయకులే. మగవాళ్ళ వైపు ఒకే ఒక చాప, దాని మీద మావయ్య. ఆడవాళ్ళ వైపు గోడకానుకుని ఇంకో చాప మీద అమ్మగారు, అత్తయ్య. అత్తయ్య పక్కన సూట్‌కేసు. ముందు రోజు షాపులో సరుకు సరిచూసే పని ఉండి నేను మావయ్యతో రాలేదు. ఆయన ఇల్లు చేరడం బాగా ఆలస్యమైంది. వాసన రాలేదు. కానీ సోంపు నమిలితే వాసన పోతుందని అత్తయ్యకి ఏనాడో తెలుసు. ఆరాధన అవగానే బస్టాండుకే అని అమ్మగారితో చెప్పేసింది.

ప్రొజెక్టర్ బ్రదర్ కుర్చీలు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "మీ శిష్యుణ్ణి చేత్తో చూపించండి బ్రదర్స్" అన్నాడు. మగవాళ్ళ వైపు చేతులు లేచాయి. కొన్ని పక్కకి, కొన్ని వెనక్కి, మిగతావన్నీ ఆ చాప మీదికి. బ్రదర్ అయోమయంగా చూసి, "సరే, బ్రదర్‌గారూ, మీరే సాక్ష్యం చెప్పండి. మిమ్మల్ని నిలబెట్టిందెవరు?" అన్నాడు. బ్యాడ్జీలు సర్దుకున్న చప్పుడు నాకు వినబడింది.

మావయ్య లేచాడు. "ఎవరో చెప్పలేనండి. అందరూ వచ్చారు, అందరూ అడిగారు. నిన్న మాత్రం వీడు రాలేదు." నావైపు చూపించాడు. "బ్రాందీ షాపు ముందు బండి ఆగిందండి." అత్తయ్య చెయ్యి సూట్‌కేసు మీదికి వెళ్ళింది. "దిగాను. స్టాండ్ వేశాను. రోజూ వీడి లెక్కల గోల భరించలేక స్పీడు పెంచితే ఆ షాపు ఎప్పుడు దాటేదో తెలిసేది కాదు. నిన్న వెనక ఎవరూ లేకపోయేసరికి ఏదోలా ఉంది. వీడుంటే ఈపాటికి ఎన్నో మెట్టు మీద ఉండేవాడో అనుకున్నా. మూడు మూళ్ళు తొమ్మిది, ఇరవై ఏడు, ఎనభై ఒకటి... ఆ తర్వాత రాలేదండి. ఎంత గింజుకున్నా రాలేదు. అక్కడే నిలబడి వేళ్ళు మడుస్తున్నా. షాపువాడు 'ఏం కావాలన్నా' అంటే ఎనభై ఒకటి మూళ్ళు ఎంత అనడిగా. వాడికీ రాలేదు. ఆలోచిస్తూ బండెక్కేశా. ఇంటికెళ్ళినా రాలేదు. రాత్రంతా నిద్ర కూడా..."

"రెండు వందల నలభై మూడు మావయ్యా!" అన్నాను కుర్చీలోంచి లేచి. అనకుండా ఉండలేకపోయాను.

మందిరం గొల్లుమంది. అయ్యగారు బల్ల పట్టుకుని నవ్వారు. నవ్వుల మధ్య అత్తయ్య లేచింది, ఆడవాళ్ళ వైపు నుంచి మగవాళ్ళ వైపు నడిచొచ్చింది, సూట్‌కేసు మావయ్య కాళ్ళ దగ్గర పెట్టింది. "ఇక్కడిదాకా నేను మోసుకొచ్చా. ఇంటికి మీరు మొయ్యండి" అని ఆయన చాప మీదే కూర్చుంది.

ప్రొజెక్టర్ బ్రదర్ తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఇది రిపోర్టులో ఏ మెట్టు కింద రాయాలి బ్రదర్?" అని సీరియస్‌గా అడిగాడు. ఊరంతటికీ మెట్లు కట్టిన నాకు ఆ ఒక్క మనిషిని ఏ మెట్టు మీద వెయ్యాలో తెలియలేదు. మరుసటి ఆదివారానికి కుర్చీలు టెంట్ హౌస్‌కి వెళ్ళిపోయాయి. నాయకులందరి మోకాళ్ళూ ఒకేసారి బాగుపడ్డాయి. మా సంఘంలో నేను కళ్ళారా చూసిన స్వస్థత అదొక్కటే.

ఇప్పుడు మావయ్యకి మోకాళ్ళు నిజంగానే పోయాయి. బండి నడపలేడు. షెడ్డు కొడుకు చూస్తున్నా, వెళ్ళి కూర్చోకపోతే తోచదాయనకి. సాయంత్రం నా స్కూటర్ వెనక ఎక్కించుకుని తీసుకొస్తాను. నాకు గుండెకి స్టెంటు వేశారు. నూనె సరుకు ముట్టొద్దన్నారు. మా దారిలో ఒక పునుగుల బండి ఉంది. నూనె, అల్లం వాసన ఆ మలుపు ముందే ముక్కుకి తగులుతుంది, స్కూటర్ దానంతటదే నెమ్మదిస్తుంది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి మావయ్య, "అల్లుడూ, ఆ కాలం లారీకి సెకండ్ గేరు పన్ను ఎందుకు అరుగుతుందో చెప్పానా?" అని మొదలుపెడతాడు. వెయ్యిసార్లు చెప్పాడు. (వెయ్యి అనేది ఉజ్జాయింపు. దీన్ని మాత్రం నేను లెక్కపెట్టలేదు.) భరించలేక స్పీడు పెంచుతాను. కరకట్ట దగ్గరికి వచ్చాక చూసుకుంటే పునుగుల బండి ఎప్పుడో వెనకబడి ఉంటుంది. ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. చెబితే గేర్‌బాక్సు ఆపేస్తాడేమోనని భయం.