నాలుగు డైమన్ల అర్థం

2011లో సంస్థ నన్ను దిల్‌సుఖ్‌నగర్ కార్యాలయానికి క్రీడల అధికారిగా బదిలీ చేసింది. ఏటా శాఖల మధ్య జరిగే బ్రిడ్జ్ పోటీలకు టోర్నమెంట్ డైరెక్టర్ బాధ్యత కూడా ఆ కుర్చీదే. డైరెక్టర్ అంటే అంపైర్ వంటివాడు. అయితే ఎవరైనా పిలిస్తేనే బల్ల దగ్గరికి వెళ్తాడు.

మా శాఖ తరఫున ఆడే జోడీ యాదగిరి, ప్రసాద్. యాదగిరి సీనియర్ సూపరింటెండెంట్, పోచంపల్లి మగ్గాల ఇంటి నుంచి వచ్చినవాడు, ఆ ఏడాదే రిటైర్ కావలసినవాడు. ప్రసాద్ ఆయన కింద అకౌంటెంట్, గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. పదేళ్లకు పైగా కలిసి ఆడారు. తెలంగాణ ఉద్యమంలో యాదగిరి దీక్షా శిబిరంలో కూర్చుంటున్న రోజుల్లో, దీనివల్ల ఏమొస్తుందని ప్రసాద్ ఆఫీసులో అన్నాడు. కిరాయికొచ్చినోళ్ళకు ఇంటి బాధ ఎట్ల తెలుస్తదని యాదగిరి జవాబిచ్చాడు. ఆ రోజు నుంచి ఫైళ్ల మీద సంతకాలే తప్ప వాళ్ల మధ్య మాటలు లేవు.

అయినా పోటీకి ఇద్దరూ వచ్చారు. బ్రిడ్జ్‌లో ఎదురెదురుగా కూర్చున్నవారు భాగస్వాములు. వేలంలో పలికే పాట తప్ప వారి మధ్య మరో మాట, సైగ కూడా నిషిద్ధం. కాబట్టి మాటలు లేనివాళ్లూ ఆడవచ్చు.

ఫైనల్ చివరి పంపకంలో యాదగిరి ఒక ఇస్పేటు పలికాడు. ప్రసాద్ ఏకంగా నాలుగు డైమన్లకు ఎగబాకాడు. దీన్ని స్ప్లింటర్ అంటారు. భాగస్వామి ఇస్పేట్లకు గట్టి మద్దతు ఉంది, డైమన్ మాత్రం ఒక్కటే ఉంది లేదా అసలే లేదు అని దాని అర్థం. యాదగిరి కాసేపు ఆలోచించి ఆరు ఇస్పేట్లు పలికాడు. అంటే ఇస్పేటు తురుపుగా పదమూడు పట్లలో పన్నెండు గెలవాలి. అందరూ పాస్ అన్నారు.

మొదటి ముక్క వేయవలసిన ప్రత్యర్థి నాలుగు డైమన్లకు అర్థం అడిగాడు. అలాంటప్పుడు జవాబు చెప్పవలసింది పలికినవాడు కాదు, అతని భాగస్వామి. డైమన్ ఒకటి ఉండొచ్చు, లేకపోవచ్చు అని యాదగిరి చెప్పాడు.

అప్పుడు ప్రసాద్ చెయ్యెత్తి నన్ను పిలిచాడు.

"మేము ఆ పద్ధతి మార్చుకున్నామండీ. నాలుగు డైమన్లంటే ఇప్పుడు డైమన్ అసలు లేదనే. ఒకటుంటే వేరే పాట పలుకుతాం."

భాగస్వామి వివరణ తప్పైతే, వేలం తమ జోడీయే గెలిచినప్పుడు మొదటి ముక్క పడకముందే సరిదిద్దాలి. నియమం అదే. కానీ తమ పద్ధతులు రాసి ముందే ఇచ్చిన వాళ్ల కార్డు మీద పాతదే ఉంది. మార్పు నోటిమాటగా జరిగిందట, గొడవకు ముందు. నేను యాదగిరిని అడిగాను. ఆయన తన చేతిలోని ముక్కలు బల్ల మీద బోర్లించాడు. కాదంటే కార్డే ఆయనకు సాక్ష్యం.

"నిజమే సార్. మార్చుకున్నం. నేనే మర్సిపోయిన."

వెనక నిలబడ్డ మా ఉద్యోగి ఒకడు ప్రసాద్‌ను చూపిస్తూ గట్టిగానే అన్నాడు: "కావాల్నే జేసిండు. మనోణ్ణి ఓడగొట్టనీకే."

యాదగిరి కుర్చీలోంచి లేచాడు. అప్పట్లో ఒక్క మాట చాలు, హాలు రెండుగా చీలడానికి. నాకు నిజంగానే భయం వేసింది.

"గాయన జేసింది రూలు. తప్పు చెప్పింది నేను. నువ్వు జర బయటికి నడువు" అని మళ్లీ కూర్చున్నాడు.

ప్రత్యర్థులు తమ చివరి పాస్ మార్చుకోదలచారా అని పద్ధతి ప్రకారం అడిగాను. అక్కర్లేదన్నారు. మొదటి ముక్క వేయవలసినవాడి దగ్గర డైమన్ ఆసు ఉంది. పాత అర్థమే నమ్మి ఉంటే అదే వేసేవాడు. ప్రసాద్ చేతి నుంచి దాన్ని తురుపుతో కోసి, తర్వాత ఆఠీన్ల మీద యాదగిరి తన కళావర్లు పారేసుకుని పన్నెండు పట్లూ తీసుకునేవాడు. ఇప్పుడా ప్రత్యర్థి డైమన్ మాని కళావరు వేశాడు. మొదటి రెండు పట్లూ ప్రత్యర్థులకే పోయాయి. ఒక్క పట్టు తక్కువైంది. ఆ ఒక్కదాంతో ఫైనల్ పోయింది, అఖిల భారత పోటీకి వెళ్లే అవకాశమూ పోయింది. యాదగిరికి అదే ఆఖరి అవకాశం.

మర్నాడు బంద్ అని అప్పటికే బస్సులు తగ్గించారు. గేటు దగ్గర ప్రసాద్ స్కూటర్ తీస్తుంటే యాదగిరి వెళ్లి పక్కన నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"నువ్వు చెప్పకుంటే ఎవలకు తెలుస్తుండె?"

"మీకు తెలిసేది కదండీ. ఇవాళ కాకపోతే రేపైనా గుర్తొచ్చేది."

"సైదాబాద్ దాకా దింపు. రాష్ట్రం సంగతి మాత్రం ఎత్తకు" అంటూ యాదగిరి వెనక ఎక్కాడు.

ఆ సంగతిలో వాళ్లకు ఎప్పటికీ ఏకాభిప్రాయం కుదరలేదు. యాదగిరి రిటైరయ్యాక కూడా ఆదివారాలు కలిసి ఆడేవారు.

తర్వాత నేను నిర్వహించిన పోటీలన్నిటిలో ఆట మొదలుకాకముందే ప్రతి జోడీనీ పద్ధతులేమైనా మార్చుకున్నారా అని అడిగి కార్డు సరిచేయించాను. భాగస్వాములు తమలో తాము అనుకున్నది ప్రత్యర్థికీ తెలియాలన్నది ఈ ఆట మూల నియమం. దాన్ని పాటించడానికి వాళ్లు మిగతా సంగతుల్లో ఒకరితో ఒకరు ఏకీభవించనక్కర్లేదని ఆ రోజు తెలుసుకున్నాను.