బతికి చెడ్డ మనిషి

నిన్న మా అమ్మాయి నోట్సుకు బైండు వేయించడానికి చూలైలో ఒక బైండింగు కొట్టుకు వెళ్ళాను. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి ఉడికించిన మైదా జిగురు వాసన తగలగానే, మా వీధి చివర ఉండే బైండింగు తాత గుర్తొచ్చాడు.

అప్పుడు నాకు ఏడేళ్ళు. అట్టలు వేయగా మిగిలిన రంగు కాగితాల ముక్కలు తాత నాకోసం దాచేవాడు. ఒకరోజు మా అవ్వ ఎదురింటావిడతో అంటోంది. "పాపం, ఆయన బతికి చెడ్డోడు. ఒకప్పుడు సొంతంగా ప్రెస్సు ఉండె. ఇప్పుడు ఈడ జిగురు పూసుకుంటా ఉండాడు."

నా చెవిన పడింది 'చెడ్డోడు' ఒక్కటే. నాకు తెలిసిన కథల్లో చెడ్డవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు.

మర్నాడు తాత కాగితాలు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నాకొద్దు. నువ్వు చెడ్డోడివంట. మా అవ్వ చెప్పింది."

ఆయన కాగితాలు పక్కన పెట్టి, మళ్ళీ అట్టకు జిగురు పూయసాగాడు.

"అవ్వ చెప్పింది నిజమే కన్నా. చెడ్డోణ్ణే నేను."

ఒప్పేసుకున్నాడు కదా అని ఇంటికి పరుగెత్తాను.

చెడడమంటే దుర్మార్గుడు కావడం ఒక్కటే కాదని, ఉన్నదంతా పోగొట్టుకోవడం కూడా చెడడమేనని నాకు తెలిసేసరికి తాత ఆ వీధిలో లేడు.

వెళ్ళిపోయేదాకా మాత్రం మా గడప మీద, ఎగిరిపోకుండా రాయి పెట్టి, రంగు కాగితాలు ఉంచేవాడు. నేను వాటిని రెండు వేళ్ళతో పట్టుకుని కాలవలో పడేసేదాన్ని.