రేవు రాకముందే ఆగిన పంటు

మా తాత ముసలయ్యకి చెప్పుకోవడానికి ఆస్తులు లేవు, అందచందాలు అంతకంటే లేవు. ఉన్నదల్లా ఒకే ఒక్క గొప్ప. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన నడుపుతున్న పంటు ఒక్కసారి కూడా రేవుని గుద్దలేదు. వశిష్ఠ గోదావరి మీద మా ఒడ్డుకీ అవతలి లంకకీ మధ్య మోటారు సైకిళ్లనీ, ఆటోలనీ, ఇటుకల ట్రాక్టర్లనీ మోసుకుని తిరిగే ఆ ఇనప పంటు, తాత చేతిలో ఉంటే ఒడ్డుకి ఆనినట్టే తెలియదు. రుజువు కావాలన్నా ఉంది. పంటు కదలగానే, తాడు విసిరే బుల్లియ్య గాజు గ్లాసు నిండా టీ పోసి చుక్కాని పక్కన పెడతాడు. పంటు ఆగాక తాత ఆ గ్లాసు పైకెత్తి, చుక్క తొణకలేదని జనానికి చూపించి, చల్లారిపోయిన ఆ టీని మహారాజులా తాగుతాడు. వేడి టీ రుచి ఎలా ఉంటుందో ఆయన మరచిపోయి చాలా కాలమైంది.

ఆయన చదివింది రెండో తరగతి, అదీ పూర్తిగా కాదు. బాతులు కాయడానికి వాళ్ల నాన్న బడి మాన్పించేశాడు. బాతుల వెనక నుంచి పడవ గెడ దగ్గరికి, గెడ నుంచి ఇంజను దగ్గరికి వచ్చాడు. లైసెన్సు కాయితం మీద సంతకం కోసం మూడు నెలలు సాధన చేశాడని నాయనమ్మ దీనమ్మ చెబుతుంది. ఆ సంతకంలో చివరి అక్షరం ఏమిటో ఇప్పటికీ ఆయనకీ దేవుడికీ మాత్రమే తెలుసు.

అలాంటి మనిషిని, లంక హైస్కూల్లో సైన్సు చెప్పే సుప్రజ మేడం పంటు మీదే పట్టుకుంది.

"ముసలయ్య గారూ, మా తొమ్మిదో తరగతి పిల్లలకి మీరొక పాఠం చెప్పాలండి."

ఇంకో ముసలయ్య ఎవరైనా ఉన్నారేమోనని తాత వెనక్కి తిరిగి చూశాడు.

"నేనాండి? పాఠమాండి?"

"ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం అని ముప్పై ఆరు మందీ గడగడా అప్పజెబుతారండి. లోడు బండి ఆపడం కష్టమా, ఖాళీదా అంటే మాత్రం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. మీరు రోజూ చేసేదే ఆ పాఠం. అది చూపిస్తే చాలు."

తాత సరేనన్నాడు. అన్నాక మూడు రోజులు అన్నం సహించలేదు. రెండో తరగతిలో బడి గుమ్మం దిగిపోయిన పిల్లాడు ఆయన లోపల ఇంకా నిక్కరు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆ పిల్లలు తనని చూసి నవ్వితే, ముప్పై ఒక్క ఏళ్ల పేరు ఏ గట్టున పెట్టుకోవాలి?

శనివారం పొద్దున్నే చర్చికి వేసుకునే తెల్ల చొక్కా బయటికి తీశాడు.

"ఏమయ్యా, ఆరాధన రేపు కదా?" అంది నాయనమ్మ.

"నువ్వూరుకోవే. పాఠం చెప్పడమంటే మాటలా?"

లంక రేవులో పిల్లలు వరసగా నిలబడ్డారు. తాత గొంతు సవరించుకున్నాడు.

"పంటు పక్కన ఈ ఎర్ర చార చూశారా? బరువెక్కేకొద్దీ ఇది కిందకి దిగుద్ది. నీళ్లని తాకిందంటే నిండు లోడు. రెండు ఒడ్ల కాడా నీళ్లలో మూడేసి వెదురు కర్రలు పాతి ఉంటాయి. నిండు లోడైతే దూరంగా ఉన్న ఒకటో కర్ర కాడే ఇంజను ఆపెయ్యాలి. ఊపు మీద అదే వచ్చేద్ది. సగం లోడైతే రెండో కర్ర. ఖాళీదైతే ఒడ్డు పక్కనున్న మూడో కర్ర దాకా తోలాలి. తేలిక పంటుకి ఊపు నిలవదు."

"రివర్సు కొడితే ఆగదాండి తాతగారూ?" అంది ముందు వరసలో భానుశ్రీ అనే పిల్ల.

"ఆగుద్దమ్మా. కానీ లోడు మీదుంటే ఎంత బలంగా కొట్టాలి! ఇంజను అరుపు మీ బళ్లోకి వినపడుద్ది. ముందే ఆపేత్తే ఆ బలమేదో నీళ్లే పెడతాయి."

సుప్రజ మేడం ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది. తన నోటి మాట పుస్తకంలోకి ఎక్కడం తాత కళ్లారా చూశాడు. కొంప మునిగింది అక్కడే. ఆ ఆనందంలోనే పిల్లల్ని ఎక్కించుకుని ఇంజను వేశాడు. రోజూ పొద్దున లంక నుంచి మొదటి ట్రిప్పు ఇటుకల ట్రాక్టర్లదే. ఆ వేళకి ఆ దారిలో చెయ్యి తన అలవాటు ప్రకారం పోయింది. అవతలి ఒడ్డున ఒకటో కర్ర కనపడగానే ఇంజను ఆపేసింది.

పంటు కొంత దూరం జారింది. నెమ్మదించింది. ఒడ్డుకి ఇరవై గజాల ఇవతల, నీళ్లలోనే నిలబడిపోయింది.

టీ తొణకలేదు, నిజమే. రేవే రాలేదు.

తాడు చుట్ట పట్టుకుని బుల్లియ్య అడిగాడు. "ఈదుకుంటా ఎల్లి కట్టమంటావా బావా?"

పిల్లలు గొల్లుమన్నారు. తాత చెవులు ఎర్రబడ్డాయి. తెల్ల చొక్కా లోపల ఆ నిక్కరు పిల్లాడు మళ్లీ గుమ్మం దిగిపోబోయాడు.

భానుశ్రీ మాత్రం నవ్వలేదు. కమ్మీ పట్టుకుని కిందకి తొంగి చూస్తోంది.

"తాతగారూ, చార నీళ్లకి మూరెడు పైన ఉందండి! ఇటుకలున్నాయనుకుని ఆపేశారు మీరు. ఉన్నది మేమేనండి!"

నవ్వులు ఆగిపోయాయి. ముప్పై ఆరు మందీ కమ్మీ మీద పడ్డారు.

"అంటే మనకి ద్రవ్యవేగం చాల్లేదు మేడం!"

"ఒరేయ్, మనం మూడో కర్ర సరుకురా!"

సుప్రజ మేడం ఆ మాటలూ నోటుబుక్కులో రాసుకుంది. తాత మళ్లీ ఇంజను వేసి పంటుని ఒడ్డుకి చేర్చాడు.

తిరుగు ట్రిప్పులో పిల్లలతోపాటు ఎరువు బస్తాల ట్రాక్టరూ, రెండు ఆటోలూ ఎక్కాయి. పోయిన పరువు దక్కించుకోవాలంటే ఇదే అదను. తాత చుక్కాని పట్టుకుని పిల్లల వైపు తిరిగాడు.

"ఈసారి మీరు చెప్పండి. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతా."

"మతి పోయిందా బావా? గుద్దితే?" అన్నాడు బుల్లియ్య.

"గుద్దితే గుద్దుద్ది. పాఠం సగంలో ఆపేత్తారేంటి?"

లంక ఒడ్డు దగ్గరవుతుంటే పిల్లల్లో యుద్ధం మొదలైంది. ఒకటో కర్ర అని కొందరు, రెండోది అని కొందరు. భానుశ్రీ మళ్లీ తొంగి చూసి, చార నీళ్లకి రెండు వేళ్ల పైన ఉందనీ, ఒకటో కర్ర కొంచెం దాటాక ఆపాలనీ తేల్చింది.

ఒకటో కర్ర వచ్చింది. వెళ్లిపోయింది. తాత కుడిచెయ్యి గిజగిజలాడింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు.

"ఇప్పుడండీ!" ముప్పై ఆరు గొంతులు.

తాత ఇంజను ఆపేశాడు. పంటు నీళ్ల మీద మౌనంగా సాగింది. బుల్లియ్య కళ్లు మూసుకున్నాడు. ఇనుము ఒడ్డుకి ఆనింది. గ్లాసులో టీ ఒక పక్కకి ఒరిగి, అంచు దాకా లేచి, ఒకే ఒక్క చుక్క బయటికి జారింది.

తాత ఆ చుక్కని వేలితో తుడిచి నాలిక మీద రాసుకున్నాడు.

"నేను నేర్చుకునేటప్పుడు గ్లాసు గ్లాసంతా ఒలికేది," అన్నాడు. గ్లాసు పైకెత్తి జనానికి చూపించలేదు. భానుశ్రీ చేతికిచ్చాడు.

ఆ పిల్ల ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "చల్లగా ఉందండీ!"

"అలాగే ఉంటదమ్మా," అన్నాడు తాత.

దిగి వెళుతూ ఆ పిల్ల వెనక్కి తిరిగి కేకేసింది. "ఎళ్లొత్తాం మాస్టారూ!"

ముప్పై ఒక్క ఏళ్లలో తొణికిన ఆ ఒక్క చుక్క గురించి తాత రేవులో ఎవరి దగ్గరా దాచలేదు. అడగనివాళ్లకి కూడా ఆపి మరీ చెబుతున్నాడు. ఇంట్లో మాత్రం కొత్త చిక్కొచ్చి పడింది. తాతా అని పిలిస్తే పలకడం మానేశాడు. నాయనమ్మ రెండు రోజులు చూసి, మూడో రోజు వంటింట్లోంచి కేకేసింది.

"మాస్టారు గారూ! పులుసు చల్లారిపోతోంది, వత్తారా?"

"వత్తన్నానే," అంటూ ఆయన ఒక్క పిలుపుకే లేచి వచ్చాడు.