మా ఇంట్లో రొట్టె చప్పుడు

నిన్న పొద్దున్నే మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "బాబాయ్, అమ్మ..." అని ఆగిపోయాడు.

ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి పోతే షాకేమిటంటారు. నాకు షాకే.

మా సీతమ్మ వదిన మా అందర్నీ సాగనంపాకే వెళ్తుందని ధీమాగా కూర్చున్నాను.

ఆవిడకి షుగర్ వచ్చింది ముప్పై ఒకటో ఏట. మేం వలసొచ్చిన బాళగనూరులో కాలవ కింద కొత్తగా వరి వేస్తున్న రోజులు.

డాక్టరు మాత్రలిచ్చి, తీపి మానమన్నాడు. పంచదార డబ్బా అటకెక్కించాం.

అన్నం మాత్రం కంచం నిండా పెట్టాం. తియ్యగా లేనిది షుగరెలా అవుతుందని మా తెలివి. కోస్తా నుంచి ఇంత దూరం వచ్చింది ఆ అన్నం కోసమే కదా.

అప్పటి టెస్టు ఇంట్లోనే. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి కాచాలి. నీలంగానే ఉంటే మంచిది, ఆకుపచ్చయితే కొంచెం షుగరు, ఎర్రబడితే బాగా ఎక్కువ. ఆవిడకి రోజూ ఇటుక రంగే.

మనిషి పుల్లలా అయిపోయింది.

మా పెద్ద బావ, అంటే అక్క మొగుడు, భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాడు. "ఈవిడ రెండేళ్ళకి మించి ఉండదు. మావాడికి ఇంకో సంబంధం చూసి పెడదాం."

వదిన అప్పుడు ఆయనకే మజ్జిగ పోస్తోంది. పోసేసి పక్క కంచం దగ్గరికి జరిగింది.

అన్న తలొంచుకుని తిన్నాడు.

నేనూ తిన్నాను.

మర్నాడు చేలో వదిన, నాట్లకొచ్చిన కల్లూరు హనుమవ్వ దగ్గర ఒక జొన్నరొట్టె అడిగి తింది. ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం గొట్టంలో ఆకుపచ్చ!

ఇక పట్టు వదల్లేదు. మొదట్లో రొట్టెలు పెనం మీదకి చేరేలోపే ముక్కలు.

"ఉడుకు నీళ్ళు పొయ్యమ్మ. అన్నం కలిపినట్ల కలిపితే రొట్టె అయితదా?" అని హనుమవ్వ నవ్వేది.

అన్నకి పరువు బెంగ. "వరి పండించేవాళ్ళింట్లో రొట్టె తట్టే చప్పుడా? పంట పోయిందనుకుంటారే!"

"చప్పుడు కాకుండా తట్టడం హనుమవ్వ నేర్పలేదండీ" అంది వదిన.

ఒక రొట్టె, దానికి రెట్టింపు ఆకుకూర, పప్పు. అంతే.

కొన్నాళ్ళకి దొడ్లోంచి కేక. "నీలం! నీలంగానే ఉందండోయ్!" గొట్టం పట్టుకుని వీధిలోకే వచ్చేసింది మహాతల్లి.

కొన్నేళ్ళకి షుగర్ బావకీ వచ్చింది. వచ్చి ఆవిడ పొయ్యి ముందే పీట వేసుక్కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, రెండు రొట్టెలు వెయ్యి."

"ఒకటే అన్నయ్యగారూ. రెండు తింటే రెండేళ్ళే ఉంటారు."

ఒకటే తిని లేచాడు. తర్వాత వదిన మా అక్కకీ రొట్టె నేర్పింది. దాంతోనే బావ ఇంకో ఇరవై ఏళ్ళు బతికాడు.

ఆవిడ క్షమించింది. నేను క్షమించలేదు. బావ మనవలు ఫేస్‌బుక్‌లో ఉన్నారు, ఇది చదువుకోనీ.

నిన్న ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. హనుమవ్వ కోడలు రొట్టెలు తెచ్చింది. నాకూ షుగరే. ఒకటే తిన్నాను.

వదినా, ఆ రోజు అందరి ముందూ నోరు విప్పలేకపోయాను. ఇవాళ అందరి ముందే చెబుతున్నా.

గెలిచావు.

ఇక గొట్టం కాచే పని లేదు. హాయిగా నిద్రపో.