సక్కుబాయి కట్టిన కాళ్లు

నాచారంలో మా గల్లీలో ఏ ఇంటికి పసిబిడ్డ వచ్చినా, మర్నాటికల్లా సక్కుబాయి అక్కడ ప్రత్యక్షం. కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుని, నూనె రుద్ది, వేడినీళ్లు పోసేది. చివర్న బిడ్డ కాళ్లు రెండూ నిటారుగా లాగి పాతచీర ముక్కతో బిగించి కట్టేది. లేకపోతే కాళ్లు వంకర పోతాయట! కాదన్నవాళ్ల పని అయిపోయినట్టే. ఆమె నోటికి జడిసి మా గల్లీలో కుక్కలు కూడా మొరగవు.

కిందటేడు మా గల్లీలోనే ఉండే త్రివేణికి ఆడపిల్ల పుట్టింది. కడుపులో ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డ కాబట్టి, ఆరువారాలు నిండగానే తుంటికి స్కానింగ్ తీయించమని దవాఖానాలో డాక్టరమ్మ చెప్పింది.

"పాలు తాగే పొల్లకు తుంటి స్కానింగేంది? నా చేతుల కన్న పెద్ద మిషినా అది? నడువ్, నేనూ వస్త. ఆ డాక్టరమ్మకు నేనే జెప్త!" అంది సక్కుబాయి. మంచి చీర కట్టుకుని మరీ ఉప్పల్ దవాఖానాకు బయల్దేరింది.

కట్టు విప్పి స్కానింగ్ తీశారు. ఎడమ తొడ ఎముక తల తుంటి గిన్నెలో సరిగ్గా కూర్చోలేదు, పక్కకు జరిగి ఉంది.

"ఇప్పుడే కనిపెట్టాం కాబట్టి కాళ్లు ఎడంగా పట్టి ఉంచే పట్టీలతో సరిచేయొచ్చు. నడిచేదాకా ఆగి ఉంటే కుంటేది, ఆపరేషన్ దాకా పోయేది," అంది డాక్టరమ్మ. తర్వాత ఆ చీరముక్క చేతిలోకి తీసుకుంది. "పుట్టుకతోనే వదులుగా ఉన్న తుంటి. నిటారుగా కడితే ఇంకా జరుగుతుంది. ఎవరు కట్టారు?"

సక్కుబాయికి తల కొట్టేసినట్టయింది. నీళ్లు పోసేటప్పుడు ఆ తుంటి టక్కుమనడం రోజూ ఆమె చేతికి తెలుస్తూనే ఉంది. కీళ్లలో గాలేలే అని కొట్టిపారేసింది. ఇప్పుడు, గల్లీనంతా గడగడలాడించిన ఆ నోట్లోంచి "నేను" అనే ఒక్క మాట రాలేదు, చూడండి!

"నేనే, మేడం," అంది త్రివేణి.

ఇంకేముంది, డాక్టరమ్మ ఎడాపెడా వాయించింది. చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలివి లేదా అంది. త్రివేణి తల వంచుకుని అన్నీ పడింది. సక్కుబాయి గోడకు ఆనుకుని కొంగు నలుపుతూ నిలబడింది.

బిడ్డకు పట్టీలు వేయించుకుని బయటికొచ్చారు. ఆటోను పిలవడానికి త్రివేణి బిడ్డను అందించబోతే సక్కుబాయి చేతులు చాచలేదు.

"కట్టింది నేను గద బిడ్డా. నా పేరెందుకు జెప్పలే?"

త్రివేణి బిడ్డను మళ్లీ భుజానికేసుకుంది.

"నువ్వే జెప్తవని జరసేపు ఆగిన, పెద్దమ్మా."