గుర్రాల డాక్టర్ గారి మొహమాటం

పోయిన ఆదివారం పొద్దున మా పై వాటా డాక్టర్ గారి భార్య, ఆంటీ, ఫోన్ చేసి, "డాక్టర్ గారు వెళ్లిపోయారు బాబూ, నిద్రలోనే" అన్నారు. ఆవిడ గొంతు నిలకడగానే ఉంది.

మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో డాక్టర్లకి కొదవలేదు గానీ గుర్రాల డాక్టరు ఆయనొక్కరే. డెబ్బైల్లో ఎప్పుడో తెనాలి వైపు నుంచి వచ్చి, న్యూజెర్సీలో గుర్రాలకి వైద్యం చేసి రిటైరయ్యారు. ఊరికే కూర్చోలేక, గంట దూరంలో ఉన్న ఒక కోట షోలో గుర్రాలని చూసుకోవడానికి వెళ్లేవారు. కోటంటే నిజం కోట కాదు. ఇనుప కవచాలు తొడుక్కున్న వీరులు గుర్రాల మీద ఎదురెదురుగా దూసుకొచ్చి బల్లేలతో పొడుచుకుంటుంటే, జనం చుట్టూ కూర్చుని భోంచేస్తూ కేకలు పెట్టే చోటు. అక్కడ స్పూన్లివ్వరు, చికెన్ చేత్తోనే తినాలి. "అమెరికాలో మనవాళ్లు తడబడకుండా తినే చోటు ఇదొక్కటేనయ్యా" అనేవారు.

షోకి ముందు ప్రతి గుర్రం కాలికీ, పిల్లలకి జ్వరం చూసినట్టు, చేతి వెనకవైపు ఆనించి చూసేవారు. జేబులో బెల్లం ముక్కలుండేవి, సగం గుర్రాలకి, సగం ఆంటీకి తెలియకుండా తనకి. అక్కడి అవకతవకలన్నీ మా ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పేవారు. జీను జారి గుర్రం పొట్ట కింద వేలాడిన వీరుడు, ఇనుప టోపీ మూత బిగుసుకుపోయి ఏమీ కనపడక గోడ మీదికి బల్లెం గురిపెట్టినవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్లం. "మనిషి తప్పుకి మనిషి పడితే నవ్వొచ్చు. గుర్రం కాలు మడతపడితే మాత్రం నన్నడగాలి" అనేవారు చివర్లో.

మావాడి ఎనిమిదో పుట్టినరోజు అక్కడే చేశాం. వాడు ఆయన చూపించిన ఫోటోల్లో ఒక నల్లగుర్రం మీద మనసుపడ్డాడు. షోకి ముందు మమ్మల్ని గుర్రాలని కట్టేసిన చోటికి తీసుకెళ్లారు. నల్లగుర్రం ముందు కాలు తాకి, మళ్లీ తాకి, "వేడిగా ఉంది. ఈ పూట దీన్ని ఆపేస్తాను" అన్నారు. మావాడి మొహం వాడిపోయింది.

"డాక్టర్ గారూ, వీడు దీని కోసమే వచ్చాడండీ. ఈ ఒక్క షోకి కొంచెం చూడండి" అన్నాను, తెలిసిన గుమాస్తాతో పని చేయించుకున్నట్టు.

ఆయనకున్న జబ్బల్లా మొహమాటమే. గుర్రాన్ని అటూ ఇటూ నడిపించి, మావాడి వంక చూసి, "సరేలే, కట్టు కట్టి పంపుదాం" అన్నారు. నా మాట చెల్లిందని లోలోపల పొంగిపోయాను కూడా.

మూడో పోటీలో ఆ కాలు మడతపడింది. వీరుడు గుర్రం తల మీదుగా ఎగిరి కుడిభుజం మీద పడ్డాడు. ప్రతి షోలోనూ ఎవరో ఒకరు పడటం ఆటలో భాగమే కాబట్టి మా వరస మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. నేనైతే ఈల వేశాను. స్వెటర్‌తోనే బరిలోని ఇసుకలోకి పరిగెత్తిన డాక్టర్ గారిని చూశాక గానీ నా వేళ్లు నోట్లోంచి రాలేదు.

మేనేజర్ అడిగితే, "వేడి చూసి కూడా పంపాను. తప్పు నాదే" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. "అడిగింది నేను" అంటే సరిపోయేది. అనలేదు. ఆయన ఆ రోజే ఉద్యోగం మానేశారు. గుర్రం కోలుకుంది. దాని మీంచి పడ్డ మనిషి మాత్రం మళ్లీ గుర్రమెక్కలేదని విన్నాం.

చాలా నెలలకి ధైర్యం చేసి క్షమించమన్నాను. "నువ్వు అడిగావు, అందులో తప్పేముందయ్యా? కాదనడం నా పని. అది నేను చెయ్యలేదు" అని, కాఫీలో చక్కెర తక్కువైందన్నారు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నిన్న ఆయన్ని ఉంచిన ఫ్యూనరల్ హోమ్‌కి ఒక తెల్లాయన వచ్చాడు. కుడిచెయ్యి ఒంటికి అతుక్కున్నట్టే ఉంది. ఆ రోజు పడ్డ వీరుడేనని చూడగానే పోల్చుకున్నాను.

"ఆ చలికాలమంతా నన్ను థెరపీకి ఆయనే కార్లో తీసుకెళ్లారు" అన్నాడు. "వెళ్లిన ప్రతిసారీ సారీ చెప్పేవారు."

పై వాటాలోనే ఉంటూ ఈ సంగతి ఎన్నడూ నాతో అనలేదు ఆయన.

"ఆ గుర్రాన్ని పంపమని ఆయన్ని అడిగింది నేను" అన్నాను.

అతను నా వైపు తిరిగాడు. "మీ గురించి ఒక్కసారి కూడా చెప్పలేదే" అన్నాడు.

పెట్టె మోయడానికి రమ్మన్నారు. అతను ఒక పక్క ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఎదురుగా రెండో పక్క నేను పట్టుకున్నాను. కారు దాకా మా ఇద్దరి మధ్యా ఆయనే ఉన్నారు.